డూపు వాడని హీరో

తమ హీరోగారు డూపు వాడరనీ, వాడేవాళ్లను చూసి జాలిపడతారనీ లోకానికి చాటే సదుద్దేశంతో నిర్మాణ సంస్థ ఒక డాక్యుమెంటరీ తలపెట్టింది. పేరు ‘తెర వెనుక నిప్పులాంటి నిజం’. అందులో హీరోగారు మేడ మీంచి దూకాలి. కనుక, రివాజు ప్రకారం, ముందుగా డూపుకి కబురు వెళ్లింది.

డూపు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అతని వీపుకీ మెడకీ జనం ఏళ్ల తరబడి ఈలలు వేశారు. మొహం మాత్రం ఎవరూ చూడలేదు. అత్తవారింట్లో అయితే అతని ఉద్యోగం పుకారు స్థాయి దాటలేదు. “మా అల్లుడు సినిమాల్లోనేనమ్మా. ఏ మూల ఉంటాడో మాత్రం అడక్కు” అని అత్తగారు పక్కింటావిడతో అనడం అతను చెవులారా విన్నాడు. తెర వెనక సంగతులు చూపించేటప్పుడు తెర వెనక మనిషిని చూపించకుండా ఎక్కడికి పోతారు? భార్యకి గట్టిగా చెప్పాడు: “ఈసారి నా మొహం పడుతుంది. మీ అమ్మని టీవీ ముందు కూర్చోబెట్టు.”

హీరోగారు పిట్టగోడ దాకా వచ్చి, ఒకసారి కిందకి చూసి, వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. ఆ చూపులోని తెగువని కెమెరాలన్నీ నమోదు చేశాయి. తర్వాత అదే రకం చొక్కా వేసుకుని డూపు దూకాడు. కింద అట్టపెట్టెలు పేర్చేవాళ్లు హీరోగారితో ఫొటోలు దిగే పనిలో ఉండటంతో పెట్టెలు చాల్లేదు. చెయ్యి విరిగింది. దర్శకుడు కళ్లు తుడుచుకున్నాడు. షాట్ అంత బాగా వచ్చింది.

విరిగిన చెయ్యి చాలా సహజంగా ఉందని తోచి, హీరోగారి చేతికీ కట్టు కట్టించారు. నొప్పిని ఎలా దిగమింగాలో డూపు చేసి చూపించాడు. హీరోగారు త్వరగానే పట్టేశారు.

“మరి నా మొహం?” అన్నాడు డూపు.

“నీది లేకుండానా!” అన్నాడు దర్శకుడు. “క్లోజప్పే! హీరోగారు డూపు వాడగా ఎప్పుడూ చూడలేదని చెప్పు, చాలు. దగ్గరుండి చూసినవాడు చెప్తేనే జనం నమ్ముతారు.”

“సార్, నేనే కదా ఆ...”

“అందుకే నిన్ను అడుగుతున్నా. ఆ చెయ్యి కాస్త వెనక్కి పెట్టుకో. ఇష్టం లేకపోతే చెప్పు, ఆ మాట అనడానికి మేకప్ ఆయన రెడీగా ఉన్నాడు.”

లైటు డూపు మొహం మీద పడింది. వీపు మీద కాక మొహం మీద పడటం అదే మొదటిసారి. వెచ్చగా, హాయిగా ఉంది.

“నేనెప్పుడూ చూడలేదండీ” అన్నాడు. గొంతు నిజంగానే వణికింది. ఒకే టేకులో అయిపోయింది.

డాక్యుమెంటరీ విడుదలైంది. సినిమా అబద్ధమని తెలిసీ ఈలలు వేసే జనం, ఇది నిజమని తెలిసి వెక్కి వెక్కి ఏడ్చారు. మీరూ ఏడ్చారు, బుకాయించకండి.

అత్తవారింట్లో టీవీ ముందు అంతా చేరారు. సంస్థ ఆదేశం ప్రకారం ‘బాత్రూములో జారిపడి’ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని అల్లుడు ఊపిరి బిగబట్టాడు. తెర మీద అతని మొహం నిండుగా పడింది. కింద ‘ప్రత్యక్ష సాక్షి’ అని అక్షరాలు.

“అదుగో, మా ఆయన!” అని భార్య కేక పెట్టింది.

అత్తగారు కళ్లజోడు సర్దుకుని తెర మీది అల్లుణ్నీ, పక్కనున్న అల్లుణ్నీ మార్చి మార్చి చూశారు.

“అవును, నువ్వే! సినిమాల్లో ఉన్న మాట నిజమే బాబూ” అన్నారు. అల్లుడి ఛాతీ పొంగింది. ఆవిడ మొహం మాత్రం చిన్నబోయింది.

“కానీ అంత పెద్దమనిషి మేడ మీంచి దూకుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డావా? ఆయన బదులు నువ్వు దూకితే నీ సొమ్మేం పోయింది?”