సింహాద్రి నేర్చిన ‘ఒమిట్’

ఇంగ్లీషువాడు ఈ మారిషస్ దీవికి ఎన్ని తెచ్చినా, వాటన్నిటిలోకీ గొప్పది ‘ఒమిట్’ అనే మాట! ఈ సంగతి బెల్ ఎయిర్ చెరకుతోట క్యాంపులో భజన నడిపే సింహాద్రికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

మన తెలుగు చూడండి. మానేశాడంటే బద్ధకం. ఎగ్గొట్టాడంటే దొంగబుద్ధి. మరిచాడంటే మతిలేనితనం. ఏ మాట ముట్టుకున్నా తప్పు మన నెత్తినే పడుతుంది. ఒమిట్ చేశాడనండి, అదే పని దొరతనంలా ఉంటుంది.

బడి చూడటానికొచ్చిన ఇన్‌స్పెక్టర్ దొర, సగం పాఠం ఒమిట్ చెయ్యమని పంతులుకి చెప్పడం సింహాద్రి విన్నాడు. అర్థం కనుక్కుని ఆ శనివారం భజనలోనే వాడకంలో పెట్టాడు. మంగళహారతిలో మూడు చరణాలు ఒమిట్! జనం ప్రసాదం వేడివేడిగా తిని అతన్ని మెచ్చుకున్నారు.

తర్వాత పెద్దల వంతు. ఓడెక్కి వచ్చేసినప్పుడు అవతలి ఒడ్డున ఉండిపోయిన తాతల పేర్లు, ఇంటింటివీ చెప్పి, పేరుకో పువ్వు దీపం ముందు పెట్టాకే భజన ఎత్తుకోవడం క్యాంపు ఆచారం. ఎవరూ చూడని ముసలాళ్లు, వచ్చి తగువు పెట్టుకోరు. ఒమిట్‌కి అంతకంటే తగినవాళ్లు దొరుకుతారా? పువ్వులు కూడా మిగిలాయి.

మాట ఊరంతా పాకింది. తోటలో పని చేయించే సర్దారు కూలీలకి మధ్యాహ్నం విశ్రాంతి ఒమిట్ చేశాడు. కోడళ్లు అత్తలకి దణ్ణాలు ఒమిట్ చేశారు. చివరికి పురోహితుడు వెంకయ్య గారికీ అబ్బింది. ఇంతమందికి ఇంగ్లీషు నేర్పానని సింహాద్రి మురిసిపోయాడు.

అలా కొన్నేళ్లు సుఖంగా గడిచాక అతని కూతురు సుందరి పెళ్లి వచ్చింది. కన్యాదానంలో పిల్ల ముత్తాత, తాత, తండ్రి పేర్లు మూడుసార్లు చెప్పాలి కదా.

“పిల్ల ముత్తాత పేరు చెప్పు నాయనా,” అన్నారు వెంకయ్య గారు.

సింహాద్రి నోరు తెరిచాడు. పేరు రాలేదు. ఎవరో కాదు, తన సొంత తాత. తండ్రి పోయాక ఆ పేరు బతికింది శనివారం దీపం ముందే. దిక్కుతోచక పక్కింటి ముసలి రంగమ్మ వైపు చూశాడు.

“నాకేం గుర్తు బాబూ. నీ నోటి వెంటే వినేదాన్ని. నువ్వేగా మానేశావు,” అంది.

మానేశావు అంది. ఆ తెలుగు మాట గుండెలో ముల్లులా దిగింది.

వెంకయ్య గారు దయగలవారు. “ముహూర్తం దాటిపోతోంది. బాధపడకు నాయనా, ఒమిట్ చేద్దాం,” అన్నారు.

మూడుసార్లూ ఆ పేరు చెప్పాల్సిన చోటికి వచ్చి, చిన్నగా దగ్గి, ముందుకు సాగిపోయారు. సింహాద్రి కళ్లు తుడుచుకున్నాడు.

పెళ్లి త్వరగా ముగిసింది. అన్నం వేడిగా ఉందని అందరూ అతన్నే మెచ్చుకున్నారు.