వదలమని చెప్పేవరకూ

మార్చి పదకొండో తేదీ ఆ నర్సుకు ఇప్పటికీ గుర్తే. ఆ ఉదయం వంటగట్టు దగ్గర నిలబడే రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిని బయల్దేరింది. ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. పట్టుకోవలసినవాళ్లను గట్టిగా పట్టుకోవడం, పెద్ద సిస్టర్ కంట పడకుండా ఇంటికి రావడం.

దానికి కారణం ఉంది. వెన్నులో ఇంజెక్షన్ చేసేటప్పుడు రోగి మంచం అంచున కూర్చుని, దిండును కావలించుకుని, వీపును విల్లులా వంచాలి. ఎదురుగా ఒకరు నిలబడి, భుజాలు పట్టుకుని, కదలకుండా చూడాలి. కిందటి వారం ట్రే అందించే ఆమె పట్టుకుందని నర్సు, నర్సే పట్టుకుందని ట్రే ఆమె అనుకోగా, మధ్యలో రోగి కాస్తా పక్కకు ఒరిగాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ పెద్ద సిస్టర్ ఆ సాయంత్రమే పనులు పంచేసింది. పట్టుకున్నవాళ్లు డాక్టరు వదలమనేవరకూ వదలకూడదు. గుండె వేగం చూపే మెషీన్ చూసేవాళ్లు మెషీనే చూడాలి. ట్రే అందించేవాళ్లు డాక్టరు వెంటే ఉండాలి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

"ఇంకోసారి ఇలా జరిగిందో, దుప్పట్లు మడతపెట్టే గదికి పంపించేస్తా," అని నర్సుకు విడిగా చెప్పింది. భయపడేవాళ్ల భుజాలు ఏళ్ల తరబడి పట్టుకున్న చేతులకు దుప్పట్లతో ఏం పని?

ఆ రోజు మొదటి రోగి రిటైరైన బస్సు డ్రైవరు. నడుము నొప్పి వల్ల ఆయన చెప్పులు కూడా భార్యే తొడగవలసి వస్తోంది. అయినా సూదికి జడిసి అప్పటికే రెండుసార్లు మంచం దిగి పారిపోయాడు.

"జన్మంతా బస్సు తోలాను తల్లీ. అద్దంలో కనబడకుండా వెనకనుంచి వచ్చేదేదైనా నాకు భయమే," అన్నాడు.

"నా భుజం మీద తల పెట్టుకోండి బాబాయ్‌గారూ. వెనకేముందో మేం చూసుకుంటాం."

మత్తు డాక్టరు వీపును మందుతో తుడిచి, నడుము చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కప్పి, "కదలకండి," అన్నాడు. డ్రైవరు "అబ్బా! గుచ్చేశారు!" అని అరిచాడు. సరిగ్గా అప్పుడే పక్క గదిలోంచి కేక వినబడింది. అక్కడెవరికో ఊపిరి అందడం లేదట. డాక్టరు పరుగెత్తాడు. నియమం ప్రకారం ట్రే ఆమె కూడా ఆయన వెంటే పరుగెత్తింది. వదలమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"అన్నా," అంది నర్సు, మెషీన్ ముందు కూర్చున్న టెక్నీషియన్‌తో. "సూది వెన్నులోనే ఉందేమో. కాస్త వెనక్కెళ్లి చూడవూ?"

"గ్లవ్స్ లేకుండా వీపు వైపు వెళ్లొద్దన్నారు. పైగా నా పని మెషీన్ చూడ్డం. గుండె మాత్రం దడదడా కొట్టుకుంటోంది."

"నాదా?"

"ఆయనదమ్మా. నీకు వైర్లు పెట్టలేదుగా!"

"ఇంజిన్ ఆపకుండా డ్రైవరు దిగిపోయినట్టుందే," అన్నాడు రోగి ఆమె భుజంలోకి. కాసేపాగి, "నీ చెయ్యి నొప్పెడుతోందా తల్లీ?" అని మెల్లగా అడిగాడు.

"లేదు బాబాయ్‌గారూ," అంది. అది అబద్ధం.

ఇంకా కాలేదేమిటని పెద్ద సిస్టర్ వచ్చింది. సంగతి విని, గుమ్మంలోంచే వంగి వీపు వైపు చూసింది. గుడ్డ అంచున ఏదో తళుక్కుమంది.

"అమ్మో, లోపలే ఉంది! ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకండి!"

ఆ మాటతో పంచిన పనులన్నీ గంగలో కలిశాయి. టెక్నీషియన్‌ను పిలిచి మోకాళ్లు పట్టించింది. తాను పక్కనుంచి తల పట్టుకుంది. మెషీన్ దిక్కూ మొక్కూ లేకుండా కూతలు పెట్టుకుంటోంది. ధైర్యం చెప్పడానికి డ్రైవరు భార్యను కూడా లోపలికి రప్పించారు.

"ఏమండీ, కదిలారో చూడండి! ఇంట్లో ఎలాగూ నా మాట వినరు, ఇక్కడైనా వినండి."

"ఇంతమంది మీద పడితే ఎటు కదలనే?"

మరి కాసేపటికి గురక వినబడింది. పెద్ద సిస్టర్ లేపబోయింది.

"లేపకండమ్మా," అంది భార్య, గొంతు తగ్గించి. "నొప్పితో నెలరోజులుగా కంటిమీద కునుకు లేదు."

నర్సు భుజం మొద్దుబారింది. ఆ బరువును అలాగే మోసింది.

పక్క గదిలో రోగి గట్టెక్కాడు. డాక్టరు చెమట తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇదేంటి, గ్రూప్ ఫోటోనా?"

"సూది కదలకుండా కాపాడాం డాక్టరుగారూ!" అంది పెద్ద సిస్టర్.

"ఏ సూది? ఇంకా గుచ్చితే కదా! ఆ మెరిసేది గుడ్డకు పెట్టిన క్లిప్పు."

టెక్నీషియన్ మోకాళ్లు వదిలేసి, ఎంతో గంభీరంగా వెళ్లి మెషీన్ ముందు కూర్చున్నాడు. ఆ కదలికకి డ్రైవరు మేలుకున్నాడు.

"అయిపోయిందా? ఇంతేనా! దీనికా నేను రెండుసార్లు పారిపోయింది?"

అందరూ నేల చూపులు చూశారు. నర్సే చెప్పింది. "ఇంకా గుచ్చలేదు బాబాయ్‌గారూ. మీరు అబ్బా అన్నది చల్లటి మందుకి."

ఆయన తలుపు వైపు చూశాడు. భార్య వెళ్లి దానికి అడ్డంగా నిలబడింది. ఆయన నిట్టూర్చి, తల మళ్లీ నర్సు భుజం మీద పెట్టాడు.

"కానివ్వండి. గుచ్చకపోతేనే ఇంతసేపు పట్టుకున్న మనిషి, గుచ్చితే వదుల్తుందా?"

ఈసారి నిజంగానే సూది దిగింది, మందు ఎక్కింది, సూది బయటికొచ్చింది. డాక్టరు గదంతా వినబడేలా "వదలండి" అన్నాడు. నర్సు చెయ్యి వెంటనే దిగలేదు. డ్రైవరు భార్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"ఇకనుంచి నా రోగుల్ని పట్టుకోవడానికి ఈవిడనే పంపండి," అన్నాడు డాక్టరు.

"నేను మొదట్నుంచీ చెప్తున్నదదే కదండీ," అంది పెద్ద సిస్టర్.

సాయంత్రం ఎవరి పని ముగించుకుని వాళ్లు వెళ్లిపోయారు. ఆ గది తలుపు మూసే బాధ్యత ఎవరిదో ఏ నియమంలోనూ లేదు కనుక, చప్పుడు కాకుండా నర్సే మూసింది.