ఫిష్‌హౌట్ పులుసు

శనివారం పొద్దున కాఫీ తాగుతూనే శశికాంత్ ఆ రోజు పని ఖరారు చేసుకున్నాడు. మిత్రుడు అఖిల్ గరాజ్‌కి వెళ్లి, సాయంత్రంలోగా ఒక వేటతుపాకీ చెక్క మీద చెకరింగ్ చెక్కేయాలి. చేతిపట్టు జారకుండా తుపాకీ పిడి మీద వజ్రాలు పేర్చినట్టు సన్నటి గీతలుంటాయే, అదే చెకరింగ్. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పనిచేసే శశికాంత్ అంతవరకూ చెక్క మీద చెక్కింది బడి బల్ల మీద తన పేరొక్కటే. అయినా అతనికి ఏ అనుమానమూ లేదు. వీడియోలన్నీ చూశాడు, పనిముట్లు తెప్పించాడు, ఇక మిగిలింది చెక్కడమే.

ఆ చెక్క ఇంటి యజమాని కెస్లర్‌ది. కింది అంతస్తులో ఉండే ఆయనకు వేటంటే పిచ్చి. వాళ్ల నాన్న వాడిన తుపాకీ మీద గీతలు అరిగిపోయాయని మెట్ల దగ్గర ఆయన వాపోతే, "నాకొదిలేయండి" అన్నాడు శశికాంత్. కెస్లర్ ఇనుప భాగాలన్నీ విప్పి బీరువాలో పెట్టి తాళం వేసుకుని, వాల్‌నట్ చెక్కను మాత్రం రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చాడు. శశికాంత్ దాన్ని ముందే గరాజ్‌కి చేర్చాడు కానీ, ఈ సంగతి భార్య వైశాలికి చెప్పలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ఇల్లు దొరకడం ఎంత కష్టమో అనుభవించిన మనిషి ఆమె. కెస్లర్ ఇంట్లో ఉన్నాడంటే మిక్సీ వేయడానికి కూడా జంకుతుంది. ఆయన సొత్తు మీద ఉలి పెడతానంటే ఒప్పుకుంటుందా?

"చపాతీ కర్ర ఎక్కడికండీ?" అంది వైశాలి, అతను చెప్పులేసుకుంటుంటే.

"చిన్న పనుంది. సాయంత్రం తెచ్చేస్తాగా."

ముందు గుండ్రటి కర్ర మీద చేయి తిప్పుకోమని వీడియోలో చెప్పారు. ఇంట్లో అంతకంటే గుండ్రటిది లేదు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. జర్మన్లు ఈ చెకరింగ్‌ని 'ఫిష్‌హౌట్' అంటారు. అంటే చేప తోలు. పొలుసుల్లా కనిపిస్తుందని కాబోలు. ఆ సంగతి శశికాంత్‌కి తెలుసు. వైశాలికి తెలియదు.

అతను వెళ్లిన కాసేపటికి కెస్లర్ తలుపు తట్టాడు.

"గూటెన్ మోర్గెన్! నా ఫిష్‌హౌట్ ఎంతవరకు వచ్చింది?"

వైశాలిది నరసాపురం. చేప అన్న మాట వినగానే ఆమెకు బెరుకు పోయింది. ఈయనకి చేపల పులుసు పెడతానని మాటిచ్చి తనకు చెప్పడం మరిచిపోయాడన్నమాట! తోలుతోనే కావాలి కాబోలు.

"సాయంత్రానికల్లా అయిపోతుందండి" అంది, బి-వన్ భాషా పరీక్ష గట్టెక్కించిన జర్మన్‌లో.

"ఒక్క రోజులోనా? తొందరేం లేదు. మా నాన్నకి అదంటే ప్రాణం."

"అయితే ఇంకా బాగా చేస్తాం."

"మరీ లోతుగా కోయొద్దని చెప్పండి."

"గాట్లు పడితేనే కదండీ ఉప్పూ కారం పట్టేది."

కెస్లర్ నొసలు చిట్లించాడు. "ఉప్పు దేనికి?"

"పసుపు కూడా వేస్తాం. కాసేపు నాననిచ్చి, తర్వాత చింతపండు పులుసులో ఉడికించడమే."

"ఉడికిస్తారా? నూనె రాయరా?"

"నూనె లేకుండానా! పైకి తేలేంత పోస్తాను."

"అది వాల్‌నట్ అని మీ ఆయన చెప్పలేదా?"

"మామూలుగా మేం వాల్‌నట్లు వెయ్యమండి. మీకు ఇష్టమైతే పొడి కొట్టి చల్లుతాను. ముక్కలు మాత్రం పెద్దవే కోస్తాను, భయపడకండి."

కెస్లర్ గోడ పట్టుకుని మెట్లు దిగాడు. శశికాంత్‌కి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఏకాగ్రత చెడకూడదని అతను ఫోన్ ఆపేసి ఉన్నాడు. ఇక చెక్క గతేమైందో చూడ్డానికి వేట మిత్రులిద్దరికి కబురు పెట్టి, సాయంత్రం ముగ్గురం వస్తామని మళ్లీ పైకొచ్చి చెప్పాడు. వైశాలి మురిసిపోయి, సంచీ తీసుకుని చేపల దుకాణానికి పరుగెత్తింది.

అక్కడ గరాజ్‌లో శశికాంత్ మొదటి గీత గీశాడు. ఈ పనిలో ప్రతి గీతా పక్క గీత గాడిని పట్టుకునే వెళ్తుంది. మొదటిది రవ్వంత వంకర పోయింది. తక్కినవన్నీ దాన్ని బుద్ధిగా అనుసరించాయి. పొద్దు వాలేసరికి చపాతీ కర్ర మీద వజ్రాలన్నీ ఒకే వైపుకి ఒరిగి నిలబడ్డాయి. "అదో స్టైల్" అనుకున్నాడు శశికాంత్. అసలు చెక్క పని రేపు చూసుకోవచ్చని దాన్ని తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరాడు.

ఈలోగా ఇంట్లో ముగ్గురు వేటగాళ్లూ పరామర్శకు వచ్చినట్టు వరసగా కూర్చున్నారు. బల్ల మీద గిన్నె పొగలు కక్కుతోంది.

"ఇదేనా?" అన్నాడు కెస్లర్.

"ఇదేనండి" అని వైశాలి మూత తీసింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మిత్రుల్లో ఒకాయన తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. కళ్లజోడు సవరించుకుని, గరిటెతో ఒక ముక్క పైకి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కొంచెం కొరికాడు.

"కెస్లర్, ఇది చేప" అన్నాడు.

సరిగ్గా అప్పుడే శశికాంత్ లోపలికొచ్చాడు. కెస్లర్ ఒక్క అంగలో అతని చంకలోని మూట లాక్కుని విప్పాడు. వాల్‌నట్ చెక్క గీత పడకుండా భద్రంగా ఉంది. ఆయన దాన్ని గుండెకి హత్తుకుని, పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అంతా విన్నాక వైశాలి మొగుడి వైపు చూసింది.

"మనం తర్వాత మాట్లాడుకుందాం లెండి" అంది తెలుగులో.

శశికాంత్ ఏమాత్రం జంకలేదు. "ఇంకా మొదలుపెట్టలేదండి. ప్రాక్టీసు మాత్రం అదిరిపోయింది" అని చపాతీ కర్ర అందించాడు.

రిటైరైన పెద్దాయన దాన్ని దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"తుపాకీకి పనికిరాదు" అన్నాడు. మళ్లీ బల్ల మీద దొర్లించి చూశాడు. "కానీ క్రిస్మస్ బిస్కెట్ల పిండి మీద ఇది దొర్లిస్తే ఎంత బాగుంటుందో! మా ఆవిడకి ఒకటి చెక్కి పెడతావా?"

రెండో మిత్రుడు తనకీ కావాలన్నాడు. కెస్లర్ తన చెక్కను తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని, తమ ఇంటి పిండి కర్ర రేపే పైకి పంపుతానన్నాడు.

"చూశావా వైశాలీ? మొదటి రోజే ఆర్డర్లు!" అన్నాడు శశికాంత్.

ఆమె అందరికీ అన్నం వడ్డించింది. కారానికి కళ్లు తుడుచుకుంటూనే వేటగాళ్లు గిన్నె అడుగు చూశారు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారని కెస్లర్ ఆశగా అడిగాడు.

వైశాలి గరిటె కింద పెట్టి, ఈ దేశం వచ్చాక అపాయింట్‌మెంట్ లేదని తిప్పిపంపే ప్రతి ఆఫీసులోనూ తాను విన్న జర్మన్ వాక్యం ఆయనకు అప్పజెప్పింది.

"ముందు టెర్మిన్ తీసుకోండి."