హెన్ అంటే కోడి, డెన్ అంటే అత్తగారిల్లు

కర్నూలు రాజధాని అయిన రోజునే ఆళ్లగడ్డలో ఆంగ్ల యుగం ఆరంభమైందని చరిత్రకారులు ఎప్పటికైనా రాసి తీరాలి. వాళ్లు రాయకపోతే నేనే రాస్తాను. ఎందుకంటే ఆ యుగానికి ఆళ్లగడ్డలో ఏకైక ప్రతినిధిని నేను! కర్నూలు కాలేజీలో ఇంటర్ చదివి, బస్సు దిగీ దిగకముందే ఊరిని ఉద్ధరించడానికి ఒక పద్ధతి కనిపెట్టేశాను. దాని పేరు ప్రాస పద్ధతి.

తెలుగులో పిల్లి, ఎలుక, చాప, టోపీ అంటే ఒకదానికీ ఒకదానికీ చుట్టరికం లేదు. అదే ఇంగ్లీషులో చూడండి! క్యాట్, ర్యాట్, మ్యాట్, హ్యాట్. అన్నీ ఒక కడుపున పుట్టినవే. ఒకదాన్ని పట్టుకుంటే మిగతావి దాని తోక పట్టుకొని వచ్చేస్తాయి. ఈ పద్ధతిలో ఇంగ్లీషు మాట్లాడటం రాదని కొందరు గొణిగారు. నిజమే. కానీ మాట్లాడమని అడిగేవాళ్లకు వస్తే గదా!

ఆ మాట ఎంత సత్యమో మా ఉమ పెళ్లిచూపుల్లో తేలింది.

ఉమామహేశ్వరమ్మ మా చిన్నాయన ఆదినారాయణ కూతురు. మహానంది తిరునాళ్లలో నంద్యాల శ్రీనివాసులును దూరం నుంచి ఒకసారి చూసింది. అంతే, చూసింది. ఆ సంబంధమే ఇంటికి వచ్చేసరికి దానికి ఉగ్గాని కూడా మింగుడుపడలేదు. అయితే అబ్బాయి తల్లి రామేశ్వరమ్మ ఒక షరతు చెప్పి పంపింది.

"మా ఇంట్లో అంతా ఇంగ్లీషే. ఇంగ్లీషు రాని పిల్లను మేం చేసుకోం."

ఉమ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, ఇది తప్పిపోతే నాయన ఆ దొర్నిపాడు సంబంధం ఖాయం చేస్తాడు. ఆ మనిషికి మీసాలు తప్ప ఇంగేం ల్యా. ఏం చేస్తావో చెయ్యి."

"భయపడగాకు. ఆ మీసాలకూ మనకూ మధ్య ఇంగ్లీషుంది," అన్నాను.

మర్నాటి నుంచి వసారాలో పాఠం. నేను ముందు, ఉమ వెనక. క్యాట్ పిల్లి, ర్యాట్ ఎలుక. కింగ్ రాజు, రింగ్ ఉంగరం. రాగం పెట్టి పాడుతుంటే మా చిన్నమ్మ గోవిందమ్మ దాన్ని దేవుడి పాటనుకొని రెండుసార్లు దీపం కూడా పెట్టింది.

చూపుల రోజు వచ్చింది. నంద్యాల బస్సు దిగి వాళ్లంతా వచ్చారు. ముందు రామేశ్వరమ్మ. ఆమె వెనక ఆమె ఆడబిడ్డ కమలాక్షమ్మ. ఈ కమలాక్షమ్మ మద్రాసులో నాలుగేళ్లు కాపురం చేసి వచ్చిందట. కాబట్టి పరీక్షాధికారి ఆమే! అందరి వెనక పెళ్లికొడుకు, తానూ ఎవరో చుట్టంలాగా.

మా వైపు ఆచారం ప్రకారం చూపుల్లో పిల్ల చేత ఒక పాట పాడిస్తారు. కమలాక్షమ్మ ఓళిగ ముక్క నోట్లో పెట్టుకొని ఆజ్ఞ ఇచ్చింది.

"తెలుగు పాటలు ఎవురైనా పాడతారు. ఇంగ్లీషు పాడమనండి."

నేను నేర్పిన వాటిలో పాటల్లేవు. ఉమ మాత్రం తొణకలేదు. తల వంచుకొని, మోహన రాగంలో మొదలుపెట్టింది. "క్యాట్ పిల్లి... ర్యాట్ ఎలుకా... మ్యాట్ చాపా..."

కమలాక్షమ్మ కళ్లు మూసుకుంది. తొడ మీద తాళం వేసింది. ఆమె తాళం చూసి రామేశ్వరమ్మ వేసింది. రామేశ్వరమ్మను చూసి మంచం మీద వరసగా కూర్చున్న మగవాళ్లంతా వేశారు. పాట అయ్యాక కమలాక్షమ్మ కళ్లు తెరిచి తీర్పు చెప్పింది.

"ఉచ్చారణ బాగుంది. మద్రాసులో గూడ ఇట్లే పాడతారు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మా చిన్నాయనకు పౌరుషం వచ్చింది.

"మా పిల్లను మీరు అడిగినారు. మీ పిల్లోన్ని మేం అడగొద్దా? రే అబ్బీ, నువ్వు అడుగు."

శ్రీనివాసులు ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నేను అతని వైపు చూశాను, ఉమ వైపు చూశాను. ఉమ ముఖం కూడా అదే గోడ. పాపం, ఇప్పుడు తప్పిపోతే అది అబ్బాయి తప్పుతో తప్పిపోతుంది!

"హెన్ అంటే?" అన్నాను, నాకు చేతనైనంత మెల్లగా.

శ్రీనివాసులు దొంగచూపుగా ఉమను చూశాడు. ఉమ తల ఎత్తకుండానే కళ్లతో వాకిలి వైపు చూసింది. వాకిట్లో కోడి గింజలు ఏరుకుంటోంది.

"కోడి," అన్నాడు శ్రీనివాసులు.

"పెన్?"

ఉమ నా జేబు వైపు చూసింది.

"కలం."

"టెన్?"

ఉమ ఒళ్లో చేతివేళ్లన్నీ విప్పింది.

"పది."

"మెన్?"

ఉమ మంచం మీది వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"మగోళ్లు."

అప్పుడైనా నేను ఆపాలి. ఉత్సాహం ఆపనిస్తుందా! "డెన్?" అనేశాను.

సింహం గుహను మా వసారాలో ఎక్కడని చూపిస్తుంది పిల్ల? ఒక్క క్షణం దిక్కులు చూసింది. చివరికి రామేశ్వరమ్మ మీద చూపు నిలిపింది. శ్రీనివాసులు తల్లిని చూశాడు. బాగా ఆలోచించాడు.

"మా ఇల్లు," అన్నాడు.

"కరెక్టు," అన్నాను నేను.

"కరెక్టే," అంది కమలాక్షమ్మ.

ముహూర్తం పెట్టుకున్నారు.

పెళ్లయిన కొన్నాళ్లకు ఉమను చూడటానికి నంద్యాల పోయాను. పట్టపగలు తలుపులు వేసి ఉన్నాయి. తీసి చూద్దును గదా, ఇంగ్లీషు ఇంట్లో చాప పరిచి ఉంది. మామ, అత్త, మొగుడు వరసగా కూర్చొని క్యాట్ పిల్లి, ర్యాట్ ఎలుక అంటున్నారు. ఎదురుగా మా ఉమ, చేతిలో బెత్తంలాగా చింతబరికె!

"ఏందప్పా ఇది?" అన్నాను.

"యాడా చెప్పగాకు నాయనా," అంది రామేశ్వరమ్మ. "కమలాక్షి వదినకు అస్సలు తెలీగూడదు. ఆమె ముందర మాకు మర్యాద పోతాది."

ఆ ఇంట్లో ఉమ మాటకు తిరుగులేదు. పప్పులో ఉప్పెక్కువైనా అడిగేవాళ్లు లేరు. అడిగితే మర్నాడు కొత్త ప్రాస వస్తుంది మరి!

యాభై ఆరులో పిడుగు పడింది. రాజధాని హైదరాబాదుకు పోయింది. సంగతి తెలిసి నేను నంద్యాలకు పరుగెత్తేసరికి చింతబరికె మూల పడి ఉంది. కుర్చీలో పక్కింటి గాజుల ఖాదర్ బాషా కూర్చొని ఉన్నాడు. పాతికేళ్లుగా పక్కనే ఉన్న మనిషిని ఆ ఇంట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టడం అదే మొదలు. కమలాక్షమ్మ కూడా వచ్చింది.

"మా ఇంట్లో ఇంగ అంతా ఉర్దూనే," అంటోంది రామేశ్వరమ్మ. "ఉర్దూ రాని కోడలితో యాడ ఏగేది? ఏమ్మే, నీకు వస్తాదా?"

"నాకు బాగా వస్తాది," అంది కమలాక్షమ్మ, అడగకుండానే. "హైదరాబాదులో నాలుగేండ్లు కాపురం చేస్తి."

"మద్రాసు గదా?" అన్నాను.

"రెండూనూ," అంది.

ఉమ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి, వెనక్కి పోయాయి.

"సరే అత్తా, నాకు పరీక్ష పెట్టండి. పెద్దోళ్లు గదా, ముందు పెద్దత్తకు పెట్టమనండి."

కమలాక్షమ్మ గబగబా లేచి గుమ్మం దాటి చెప్పులు వేసుకుంది. "బస్సుకు టైమైతాంది."

"కిధర్ జారే అమ్మా?" అన్నాడు ఖాదర్ బాషా.

కమలాక్షమ్మ ఆగింది. కళ్లు మూసుకుంది. గంభీరంగా తల ఊపింది.

"ఉచ్చారణ బాగుంది. హైదరాబాదులో గూడ ఇట్లే పాడతారు."

ఖాదర్ బాషా ఇబ్బందిగా మా అందరి ముఖాలూ చూశాడు. "పాట కాదమ్మా. యాడికి పోతాండావని అడిగినా."

రామేశ్వరమ్మ వదినగారిని కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. తర్వాత మూలకు పోయి, చింతబరికె తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, ఉమ చేతిలో పెట్టింది.

"కానీమ్మా. క్యాట్ కాడి నుంచి మొదలుపెట్టు."

మామ, అత్త, మొగుడు చాప మీద సర్దుకున్నారు. కమలాక్షమ్మ చెప్పులు మళ్లీ గుమ్మం బయట విడిచి వచ్చి, చాప చివర చోటు చూసుకొని కూర్చుంది.