పోగు ముట్టని పిల్ల

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం. హుజూరాబాద్‌లో మగ్గం నేసుకునే కైలాసం ఒక పొద్దున రెండు పనులు అనుకుని లేచాడు. పొద్దెక్కేలోగా పెరట్లో బావికి కంచె వేయాలి. మధ్యాహ్నం మగ్గానికెక్కే నిలువు పోగులకు, అదే పడుగుకు, గంజి పెట్టాలి. రెండూ తనకు చేతనైన పనులే అని నమ్మాడు కాబట్టి నిశ్చింతగా చాయ తాగాడు.

ఆ బావికి గోడ లేదు, నేలకు సమంగా ఉంటుంది. ముందురోజు అతని రెండేళ్ల కూతురు బాలలక్ష్మి ఇత్తడి గ్లాసును అందులో వేసి, చప్పుడు విని సంతోషించి, అది ఎక్కడికి పోయిందో చూడటానికి తానూ వంగింది. తల్లి సక్కుబాయి జబ్బ పట్టి లాగింది. బావికి ఏదైనా అడ్డం పెట్టమని అప్పుడే మొగుణ్ని పట్టుకుంది.

కైలాసం బావి చుట్టూ నాలుగు గుంజలు పాతి తుమ్మకంప కట్టాడు.

"ఇగ పిట్ట గూడ దూరది," అన్నాడు.

"మరి నీళ్లెట్ల చేదుకోవాలె?" అంది సక్కుబాయి.

ఆ సంగతి అతనికి తట్టనే లేదు. "జర ఆగు. పడుగు పని కానీ, దర్వాజ పెడ్త," అని లోపలికి పోయాడు.

వాడకట్టుకంతటికీ ఆ బావి నీళ్లే దిక్కు. పక్కింటి రామవ్వ బిందెతో వచ్చి, ముళ్లు చూసి ఆగింది. అరుగు మీద రాట్నం తిప్పుతున్న కైలాసం తల్లి దేవవ్వను అడిగింది.

"ఇదేంది వదినె, బావికి కంప గట్టిండ్రు?"

"ఇయ్యాల్టికెల్లి ఎవ్వలు గా బావి దిక్కు పోవద్దన్నడు నా కొడుకు."

పొద్దున కొడుకు ఇంట్లోవాళ్లకు చెప్పిన మాటను దేవవ్వ ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. పసిదాని సంగతి చెప్పాలని ఆమెకు తోచలేదు. రామవ్వ ఖాళీ బిందెతో తిరిగి పోతూ గడప గడపకూ ఆగింది. మూడో గడప దగ్గర ఆమె మాటల్లో కైలాసం బావి బందు పెట్టాడు. ఆరో గడప దగ్గరికి వచ్చేసరికి తాళం కూడా వేశాడు.

మధ్యాహ్నం పడుగు గంజిలో మునిగింది. ఇక ఆలస్యం పనికిరాదు. నలుగురూ కలిసి వీధిలో బారుగా సాచి, కుంచెతో దువ్వి ఆరబెట్టకపోతే పోగులన్నీ అతుక్కుని మొత్తం పాడవుతుంది. ఈ పనికి ఎవరు పిలిచినా వాడకట్టంతా వస్తుంది, పిలవకపోతేనే కోపం. ఆ రోజు మాత్రం పిలిచినా ఎవరూ కదలలేదు.

"గంజి ఆరుతుంది, జర రా మామా," అని కైలాసం ఎదురింటి మొండయ్యను బతిమాలాడు.

మొండయ్య మంచం దిగలేదు. "తాగ నీళ్లు లేనోనికి పడుగు గుంజే బలం యాడికెల్లి వస్తది, కైలాసం?"

ఎండకు ముసలాయనకు తల తిరిగిందేమోనని కైలాసం జాలిపడి ఇంటికి వచ్చాడు.

ఇంట్లో సరిపడా పట్టేవాళ్లు లేరు, పెరట్లో గుంజలు ఉన్నాయి. పడుగును వాటికే చుట్టి బిగిస్తే సరి. ముళ్లు పోగులను తెంపుతాయి గనుక, పొద్దంతా కష్టపడి కట్టిన కంపను తన చేతులతోనే పీకి అవతల పారేశాడు.

"పిల్ల లోపల పండింది గద. గడియ సేపే," అన్నాడు భార్యతో.

బావి చుట్టూ మోకాలెత్తున పడుగు బిగిసిందో లేదో, వాడకట్టు పెద్దమనిషి బుచ్చిరాములును ముందు పెట్టుకుని పదిమంది పెరట్లోకి వచ్చారు.

"బావికి కంప గట్టినవట," అన్నాడు బుచ్చిరాములు.

"ఏది కంప?" అన్నాడు కైలాసం.

అందరూ చూశారు. కంప లేదు. "పొద్దుగాల కంపనే ఉండె. ఇప్పుడు దారం పెట్టిండు," అంది రామవ్వ.

అందరూ ఒకేసారి మాట్లాడుతుండగా బాలలక్ష్మి నిద్ర లేచి, వెనుక గుమ్మం దిగి, బావికి అవతలి వైపున కనిపించింది. చేతిలో మరో గ్లాసు ఉంది. అంతమందిలో పిల్లకు అందే దూరంలో ఒక్కరూ లేరు.

పిల్ల పడుగు దాకా వచ్చి ఆగింది. మగ్గమున్న ఇంట్లో పిల్లలు నడక కంటే ముందు నేర్చుకునేది పోగు ముట్టకూడదని. గ్లాసు కింద పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని బుద్ధిగా నిలబడింది.

కైలాసం అదేమీ చూడలేదు. అడ్డమొచ్చిన పోగులు పటపటా తెంపుకుంటూ, బావి అంచున జారుతూ, అవతలి పోగులు కూడా తెంపుకుని, ఒళ్లంతా గంజితో కూతురి ముందు బోర్లా పడ్డాడు.

"అద్దు, బాపూ," అంది బాలలక్ష్మి తెగిన పోగులను చూసి కోపంగా.

కైలాసం పిల్లను గుండెకు హత్తుకుని, సిగ్గు విడిచి ఏడ్చాడు.

రామవ్వ గ్లాసు చూసింది, పిల్లను చూసింది. "గీ పిల్ల కోసమా కంప గట్టింది? పొద్దున్నే చెప్తే అయిపోతుండె గద వదినె."

"నువ్వడగలే," అంది దేవవ్వ.

బుచ్చిరాములు కండువా నడుముకు చుట్టాడు. "నిలవడి ఏం చూస్తుండ్రు? గంజి ఆరుతుంది, పట్టుండ్రి."

అందరూ పట్టారు. తెగిన పోగులను ఆడవాళ్లు ముడివేస్తుంటే మగవాళ్లు పడుగును వీధిలోకి సాచి దువ్వారు. మొండయ్య మాత్రం ముందు చెంబెడు నీళ్లు తాగి, బలం వచ్చిందని తేల్చుకున్నాకే చెయ్యి వేశాడు. పొద్దు వాలేసరికి పడుగు దక్కింది. కైలాసం ఒక్కొక్కరికీ చేతులు జోడించాడు. ఎవరి రుణం ఎట్లా తీర్చాలో ఆ రోజు అతనికి నిజంగా తోచలేదు.

తలా ఇన్ని రాళ్లు తెచ్చి వాడకట్టు వాళ్లే బావికి గోడ కడతామన్నారు. అది లేచేదాకా గుంజలకు నాలుగు పోగుల దారం కట్టి ఉంచారు. గోడ లేవడానికి పట్టిన నెలరోజుల్లో బాలలక్ష్మి దాన్ని ఒక్కసారీ దాటలేదు. కైలాసాన్ని మాత్రం ఎవరూ ఆ దరిదాపులకు రానివ్వలేదు.