గంగాళంలో యూరియా

ఆదివారం పొద్దున బాపయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పెసరట్లు తినాలి, తువ్వాలు తలకు చుట్టుకుని చేను చుట్టూ ఒకసారి తిరగాలి, ఎండిన కాలువను చూసి నాలుగు తిట్లు తిట్టాలి, వచ్చి పడుకోవాలి. బాపట్ల వైపు ఉన్న పొలం అమ్ముకుని కర్ణాటకలో మాన్వి దగ్గర, ఆంధ్ర రైతులు వలసొచ్చి కట్టుకున్న ఈ క్యాంపులో నల్లరేగడి కొన్నప్పుడు, కాలువ గట్టునే పొలం అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. గట్టు ఆయన దగ్గరే ఉంది, నీళ్లు పైవాళ్ల దగ్గర ఉన్నాయి. వరి చిరుపొట్ట మీదుంది. ఈ వారంలో ఒక్క తడి అందకపోతే పంట గడ్డివాములోకే. ఆ సంగతి తలచుకుంటే బాపయ్యకు ముద్ద దిగడం లేదు. అందుకే పెసరట్లు.

రెండో అట్టు నోట్లో ఉండగా, కాలువ తూములు ఎత్తి దించే లస్కరు మారెప్ప సైకిలు దిగాడు.

"బాపయ్యా, ఇయ్యాల ఇంజనీరు సాబ్ వస్తున్నడు. తూము ఎత్తాలంటే ఆయన హుకుం కావాలె. నా చేతుల ఏం లేదు."

"రానీవయ్యా, కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లు గీళ్లు వద్దు. ఎండంటే ఆయనకు మస్తు కోపం. నిన్న పై క్యాంపోళ్లు గరం చాయ్ ఇచ్చిన్రు. గ్లాసు కింద పెట్టి, మాట్లాడకుండ జీపెక్కిండు. సల్లగ ఒక సోడా ఇయ్యి, దిల్ ఖుష్ అయితది."

సలహాకు ప్రతిఫలంగా మిగిలిన పెసరట్లన్నీ తిని మారెప్ప వెళ్లిపోయాడు. సోడాలైతే ఇంట్లో ఉన్నాయి, చల్లదనమే లేదు. ఐసు రాయచూరులో దొరుకుతుంది కానీ, బస్సులో క్యాంపు చేరేసరికి తడిసిన గోనెసంచి మిగులుతుంది.

"తడిగుడ్డ చుట్టి కొత్తకుండలో పెడితే సరిపోతుంది కదండీ" అంది బాపయ్య భార్య పున్నమ్మ. ఆ మాట ఎవరూ వినలేదు. సరిగ్గా అప్పుడే ఆమె తమ్ముడు యలమందయ్య పేపరు మడిచి లేచాడు. మాన్వి హైస్కూల్లో సైన్సు చెబుతాడు, ఆదివారమైతే అక్క చేతి వంటకు వస్తాడు.

"ఐసెందుకు బావా? వసారాలో యూరియా బస్తా ఉందిగా!"

నీళ్లు లేక చల్లలేక అట్టేపెట్టిన పైఎరువు అది. యలమందయ్య చెంబెడు నీళ్లలో రెండు దోసిళ్లు పోసి, గిరగిరా కలిపి, చెంబును బావ చెంపకు ఆనించాడు. బాపయ్య ఎగిరి గంతేశాడు.

"కరగాలంటే దానికి వేడి కావాలి బావా. నీళ్లలో ఉన్న వేడినే లాక్కుంటుంది. నీళ్లు చల్లబడతాయి."

"నీలాంటిదేనన్నమాట! వచ్చినింట్లోదే లాక్కుంటుంది."

పెళ్లిళ్లకు వాడే ఇత్తడి గంగాళం దించారు. వాడకం నీళ్లన్నీ అందులో పోసి, యూరియా కలిపి, సోడా సీసాలు ముంచారు. కాసేపటికి సీసాల మీద చెమట పట్టింది. సంతోషం బాపయ్య కడుపులో ఏనాడూ ఆగలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకాగుతుంది? వీధిలోకి పోయి క్యాంపునంతా కేకేసుకొచ్చాడు. పక్కింటి పిచ్చయ్య మోచేతులదాకా ముంచాడు. తర్వాత తలగుడ్డ ముంచి నెత్తిన వేసుకున్నాడు. అతని భార్య బుల్లెమ్మ చెంపలు ఆనించి, "అమ్మ బాబోయ్, మా ఊరి సముద్రపు గాలే!" అని కళ్లు మూసుకుంది. ఆమె వెనక వరస కట్టారు. వరస అయ్యేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది, గంగాళంలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి.

"మళ్లీ యూరియా పొయ్యి బావా."

పోశారు. కొంచెం చల్లబడింది. ఇంకా పోశారు. ఈసారి వేసింది వేసినట్టు అడుగున కూర్చుంది. బాపయ్య తెడ్డుతో తిప్పాడు, కర్రతో పొడిచాడు, చివరికి బస్తా ఎత్తి మొత్తం గుమ్మరించాడు. దిబ్బ పెరిగిందే తప్ప చల్లదనం రాలేదు.

"నీళ్లు పట్టగలిగినంతా పట్టేశాయి బావా" అన్నాడు యలమందయ్య పాఠం చెప్పే గొంతుతో. "అలాగని అది ఊరికే కూర్చుందనుకోకు. అడుగున కొంత కరుగుతూనే ఉంది, అంతే కొంత మళ్లీ గడ్డకడుతూనే ఉంది. రెండూ సరిపోయాయి, అందుకే పైకేమీ తెలీదు."

"అర్థమైంది. మన సొసైటీ ప్రెసిడెంటూ సెక్రటరీ లాగన్నమాట. ఇద్దరూ తెగ పనిచేస్తుంటారు, పని మాత్రం జరగదు."

అప్పుడే పున్నమ్మ బయటికొచ్చి ఖాళీ బస్తా చూసింది. "చేనికి చల్లేదంతా నీళ్లపాలు చేశారా?"

బాపయ్య ఖాళీ బస్తా దులిపి చూశాడు. సోడా ధ్యాసలో చేను సంగతే మరిచాడు.

"ఏం పోలేదక్కా" అన్నాడు యలమందయ్య. "నీళ్లు ఆవిరైతే యూరియా మిగులుతుంది. మన వైపు ఉప్పు కొటార్లు చూళ్లేదూ? ఎండలో పెడితే..."

"ఎండలో ఎప్పటికారేను? పొయ్యి పెట్టు!" అన్నాడు బాపయ్య. వాకిట్లో వడ్లు ఉడకబెట్టే పెద్ద పొయ్యి మీదికి గంగాళాన్ని ఎక్కించి, పత్తికట్టె దూర్చి, భగభగా మండించాడు.

ఉప్పు పొయ్యి మీద కూడా మర్యాదగానే ఉంటుంది. యూరియాకు ఆ మర్యాద లేదు, మరిగిస్తే విరిగి ఘాటుగా పైకి లేస్తుంది. ఆ పాఠం యలమందయ్య క్లాసులో ఇంకా రాలేదు. క్యాంపులోని పసిపిల్లల పక్కబట్టలన్నీ ఒక్కచోట పోగేసినంత కంపు గుప్పుమంది. గేదె గుంజను పీక్కుని పారిపోయింది. మనుషులు మాత్రం పోలేదు. ఏమవుతుందో చూడకుండా ఎలా పోతారు? కొంగులూ తువ్వాళ్లూ కళ్లకు అడ్డం పెట్టుకుని, ధారలు కారుస్తూ అక్కడే నిలబడ్డారు.

జీపు వచ్చింది.

రాయచూరు మనిషి, ఇంజనీరు నాగప్ప దిగి చూశాడు. వాకిట్లో మంట, మంట మీద పెద్ద గంగాళంలో కాగుతున్న నీళ్లు, చుట్టూ ఊరంతా ఏడుపు. వాకిట్లో అలా నీళ్లు ఎప్పుడు కాస్తారో తెలియనిదెవరికి? ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. జీపు వెనక నుంచి దూకిన మారెప్ప గుండెలు బాదుకున్నాడు.

"అయ్యో బాపయ్యా! పొద్దుగాల్నే పెసరట్లు పెడ్తివి గదా!"

పొగలోంచి బాపయ్య బయటికొచ్చాడు. మారెప్ప కెవ్వుమని జీపెక్కాడు.

"మరి ఎవరు పోయిన్రు?" మెల్లగా అడిగాడు నాగప్ప.

బాపయ్య నోరు తెరిస్తే దగ్గే వచ్చింది. యూరియా కాస్తున్నామంటే పరువు పోతుంది, తూమూ మూతపడుతుంది. పున్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ ముందుకొచ్చింది.

"ఇంకా పోలేదు బాబూ. కొనూపిరితో ఉంది. అదుగో, అక్కడ."

నాగప్ప ఆమె చూపిన వైపు చూశాడు. పచ్చదనం పోతున్న వరి, నెర్రెలిచ్చిన నేల. అదే సమయానికి గాలి తిరిగింది. ఘాటు నేరుగా ఆయన మొహానికి కొట్టింది. కళ్లు బొటబొటా కారాయి.

"చేని కోసం... ఇంతమంది ఏడుస్తున్నరా?"

"ఆపుకుందామన్నా ఆగటం లేదు బాబూ" అన్నాడు పిచ్చయ్య. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"మారెప్పా, పో! తూము ఎత్తు. ఇప్పుడే ఎత్తాలె!"

బాపయ్య ఆనందం పట్టలేక, గంగాళం ఎక్కించేముందు తీసి పక్కన పెట్టిన సోడా సీసా పట్టుకొచ్చాడు. నాగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. ఇసువంటి ఇంట్ల గొంతు దిగదు" అంటూ రుమాలు ముక్కుకు ఒత్తుకుని జీపెక్కాడు.

సాయంత్రానికి కాలువలో నీళ్లొచ్చాయి. పున్నమ్మ గంగాళాన్ని బోదెలోకి ఒంపింది, మిగిలిన యూరియా తన దారిన చేలోకి పోయింది. గట్టు మీద కూర్చుని బాపయ్య మళ్లీ ఏడ్చాడు. ఈసారి దగ్గరలో పొగ లేదు. నెర్రెల్లోకి నీళ్లు దిగుతున్న చప్పుడు వింటుంటే ఆయనకు ఏడుపు ఆగలేదు.

మారెప్పకు అసలు సంగతి తెలిసింది. మారెప్పకు తెలిస్తే కాలువ పొడుగునా తెలిసినట్టే. ఆ తర్వాత నాగప్ప ఏ క్యాంపుకు పోయినా వాకిట్లో గంగాళం కాగుతోంది, జనం ఏడుస్తున్నారు. కొన్ని చోట్ల దిగి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత దిగడం మానేసి, దూరం నుంచే తూము ఎత్తమని చేత్తో సైగ చేసి జీపు తిప్పించుకు పోయాడు.

ఆ నెల మాన్వి కొట్లలో యూరియా బస్తా ఒక్కటీ మిగల్లేదు. చేలో చల్లినవాడు ఒక్కడూ లేడు.