సీటు కింద స్విచ్చి

మా బండికి నేనంటే ప్రాణం. ఈ మాట నేనే చెప్పుకునేవాణ్ణి. బండికి నోరు లేదు, నా తరఫున చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేరు.

అది పద్దెనిమిదేళ్లు పాస్టరు దావీదురాజు గారి కింద సేవ చేసి, ఆరేళ్ల క్రితం నా చేతికొచ్చిన పాత టూ స్ట్రోక్ మోటారు సైకిల్. తాళాలు ఇచ్చేటప్పుడు పాస్టరుగారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అది బండి కోసమో, నా కోసమో ఇప్పటికీ తేలలేదు.

నా పేరు వసంతకుమార్. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. అక్కడ నా మాట మిషన్లు వినవు. ఇంట్లో కుక్కర్ కూడా వినదు. ఒక్క తన్నుకు లేచి నిలబడేది ఈ బండి ఒక్కటే. అలాంటి బండి మీద, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మా ఆవిడ రెజీనా కన్ను పడింది.

"ఏమప్పా, నాకూ బండి నేర్పించగూడదా? టీచరు పోస్టు వస్తే రోజూ నువ్వే దింపల్లంటే కష్టం గదా."

"ఇది అందరి మాటా వినదు రెజీనా. దీనికి చేతివాటం ఉండల్ల."

"కిక్కు కొట్టేది కాల్తో గదప్పా, చెయ్యెందుకు?"

మాటల్లో అక్కడే ఓడిపోయాను. దాంతో నేర్పిస్తానని ఒప్పుకుని అడ్డదారి పట్టాను.

ఆటో ఎలక్ట్రీషియన్ ఉమామహేశ్ దగ్గరికి పోయి సీటు కింద, చేతికి తగిలేలా, కంటికి కనబడకుండా ఒక బుల్లి స్విచ్చి పెట్టించాను. అది వేస్తే కరెంటు ఇంజనులోని స్పార్కు ప్లగ్గు దాకా పోకుండా దారిలోనే బండి ఒంట్లోకి దిగిపోతుంది. ఎంత తన్నినా స్పార్కు రాదు. తీసేస్తే మామూలే.

మర్నాటి నుంచి రెజీనా తన్నడం, బండి మూగనోము పట్టడం. ఆమె చెమటలు తుడుచుకుంటూ పక్కకు జరిగాక నేను వచ్చేవాణ్ణి. బర్రెను దువ్వినట్టు సీటును దువ్వి, స్విచ్చి తీసి, ఒక్కటి తన్నేవాణ్ణి. బుర్రుమనేది. సందంతా పొగ.

"చూసినావా? ప్రేమ ఉండల్ల," అనేవాణ్ణి దగ్గుతూ.

"సరేలేప్పా," అని ఆమె లోపలికి పోయేది. ఆ "సరేలే" లోతెంతో అప్పుడు కొలుచుకోలేదు.

పైగా ఈ ఘనకార్యం కడుపులో దాచుకోలేక మా ఫ్యాక్టరీ లారీ డ్రైవరు హనుమన్నకు చెప్పాను. అందరూ ఆయన్ని హారన్ హనుమన్న అంటారు. ఆయన చెవిలో రహస్యం చెబితే పక్క క్వారీలో వినిపిస్తుంది.

రెజీనాకు ఉద్యోగం వచ్చింది. పద్నాలుగు కిలోమీటర్ల అవతల ఒక పల్లె బడి. మంగళవారం పది గంటలలోపు చేరాలి. పొద్దున ఆ దారిలో బస్సు లేదు. నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, తొమ్మిదికల్లా ఆమెను ఎక్కించుకుని దర్జాగా బయలుదేరాను.

ఆరో కిలోమీటరు దగ్గర, బండల లారీలు తవ్వేసిన ఒక గుంతలో దబ్బున పడ్డాం. ఇద్దరి బరువూ సీటు మీద పడింది. బండి గుంత దాటింది గానీ, దాటీ దాటగానే నోరు మూసుకుంది.

తన్నాను. లేదు. దొంగచాటుగా సీటు కిందికి చెయ్యి పోనిచ్చాను. స్విచ్చి తీసే ఉంది. వేశాను, తీశాను, మళ్లీ వేశాను, మళ్లీ తీశాను. లేదు.

"ప్రేమ తగ్గిందా?" అడిగింది రెజీనా.

"పెట్రోలు రావడం ల్యా."

ఆమె ట్యాంకు మూత తీసి బండిని ఊపి చూసింది. సగానికి పైగా ఉంది.

"అయితే గాలి," అన్నాను.

"టైర్లలోనా?"

ఇంజనుకు చెవి ఆనించి డాక్టరులా తల ఊపాను. చెవి కాలింది. గేరు వేసి ఫర్లాంగు దూరం తోసుకుంటూ పరిగెత్తాను. బండి లేవలేదు గానీ నేను పడబోయాను. వెనక్కి తోసుకొచ్చేసరికి తొమ్మిదీ ఇరవై.

రెజీనా ఉద్యోగంలో చేరే ఆర్డరున్న తన హ్యాండ్‌బ్యాగును రోడ్డు పక్క బండ మీద పెట్టి, కొంగు నడుముకు దోపుకుంది.

"పానా ఇయ్యి. మా నాయన కిరసనాయిల్ ఇంజనుతో చెనిక్కాయ చేనికి నీళ్లు కట్టేటప్పుడు, అది మొరాయిస్తే పక్కన కూర్చోని ప్లగ్గు పట్టుకునేది నేనే."

పెళ్లయి తొమ్మిదేళ్లయింది. మా మామగారికి ఇంజనుండేదని నాకు తెలుసు. పక్కన ఎవరు కూర్చునేవాళ్లో ఎప్పుడూ అడగలేదు.

ప్లగ్గు విప్పి చూసింది. "తడిగా ఉండాది. పెట్రోలు వస్తాండాది. తప్పు స్పార్కులో ఉండాది." ప్లగ్గును మళ్లీ వైరు చివరి టోపీలో గుచ్చి, ఇంజను ఇనుముకు ఆనించి, "కొట్టు," అంది. కొట్టాను. మెరుపు లేదు. పనిముట్ల డబ్బాలో ఉన్న ఇంకో ప్లగ్గు పెట్టింది. లేదు. టోపీ పీకేసి ఉత్త వైరే దగ్గరగా పెట్టింది. అదీ లేదు.

"కరెంటు పుట్టనన్నా పుట్టల్యా, లేదా పుట్టి యాడో తప్పిపోతాండాది." వంగి వైర్లన్నీ వేలితో తడుముతూ పోయింది. "ఈ నల్ల వైరు బండితో వచ్చింది. దీనికి కట్టిన ఈ ఎర్ర వైరు యాడికి పోతాండాది?"

"యాడికీ పోదు."

"పోతాండాదే. సీటు కిందికి."

సీటు లేపింది. గుంతలో పడ్డప్పుడు సీటు ఇనుము ఎర్ర వైరును నొక్కేసింది. తొక్క ఊడి, లోపలి రాగి తీగ బండి చట్రానికి అతుక్కుని ఉంది. నా స్విచ్చితో పనిలేకుండానే కరెంటు శాశ్వతంగా బండి ఒంట్లోకి దిగిపోతోంది. ఆ వైరు చివర స్విచ్చి ఎండలో మిలమిలా మెరిసింది.

"ఇదేందప్పా?"

"దొంగల కోసం."

"ఏ దొంగ?"

నేను దొంగను వెతుక్కుంటుండగా వెనక నుంచి బండల లారీ వచ్చి ఆగింది. కిటికీలోంచి హారన్ హనుమన్న తల బయటికొచ్చింది.

"ఏమి వసంతన్నా! పెండ్లానికి పెట్టిన స్విచ్చి నిన్నే పట్టుకున్యాదా!"

చేనులో మేస్తున్న మేకలు కూడా తలెత్తి నా వైపు చూశాయి. లారీ నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

రెజీనా ఎర్ర వైరును పీకి, చుట్ట చుట్టి, నా చొక్కా జేబులో పెట్టింది. ప్లగ్గు బిగించింది. ఒక్కటి తన్నింది. బుర్రుమంది.

నేను ఎక్కబోయాను.

"వెనక్కి."

"నీకు రాదు గదా?"

"పెండ్లికి ముందు మా నాయన బండి మింద వంకాయ మూటలు ఏసుకోని కోడుమూరు సంతకు పోయేదాన్ని."

"మరి నన్నెందుకు నేర్పించమంటివి?"

ఆమె క్లచ్చు పట్టి గేరు వేసింది. "ఆ వంకతో ఆదివారాలు ఇద్దరమూ అట్ల ఊరి బయటికి పోవచ్చు గదా అనుకున్యా."

బండి మొరాయించినప్పుడు కూడా నాకు అంత నీరసం రాలేదు. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. దారిలో ప్రతి గుంతనూ ఆమె తప్పించింది.

పదికి ఎనిమిది నిమిషాల ముందు బడి చేరాం. హెడ్ మేడం నాగశ్రీ గారు ఎదురొచ్చారు. "అబ్బా, బండి మీరే నడుపుకోని వచ్చినారా!"

"మా ఆయనే నేర్పించినాడు మేడం," అంది రెజీనా.

నేను సిగ్గుతో తల దించుకున్నాను. మేడం అది వినయమనుకున్నారు. "ఇట్లాంటి భర్తలు శానా తక్కువ," అని కూడా అన్నారు.

వాళ్లు లోపలికి పోగానే పారిపోదామని బండి తన్నాను. లేవలేదు. ఇరవై సార్లు తన్నాను. కిటికీలన్నీ పిల్లల తలకాయలతో నిండిపోయాయి. ప్లగ్గు విప్పాను, ఊదాను, బిగించాను. ఇంజనుకు చెవి పెట్టబోయి, పొద్దున కాలిందని గుర్తొచ్చి ఆగాను.

క్లాసు కిటికీలోంచి రెజీనా పిలిచింది. "ఏమప్పా! హ్యాండిల్ మింద కుడిపక్క ఎర్ర బటనుండాది చూడు. బండి ఆపేటప్పుడు దాన్ని జరిపినా."

ఆరేళ్లుగా తాళం చెవితోనే ఆపుతున్నాను. ఆ బటను అలంకారానికనుకున్నాను. దాన్ని వెనక్కి జరిపి తన్నాను. ఒక్క కిక్కుకే లేచింది.

పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఒక్కరి ముఖమూ నా వైపు లేదు. అందరూ టీచరమ్మనే చూస్తున్నారు.